కరెంటు కమిషన్ ఎవరికి జవాబుదారీ?

కమిషన్ అనే మాట వినగానే మన రైతుకు ముందు గుర్తొచ్చేది మార్కెట్ యార్డు. బస్తాలు దించగానే కాటా కూలి, హమాలీ, ఆ పైన దళారీ కమిషన్. ఎవడెంత కోసుకున్నాడో తక్‌పట్టీ మీద రాసి ఉంటుంది. రైతు తిట్టుకుంటూనే ఇంటికి పోతాడు గానీ, లెక్క మాత్రం చేతిలో ఉంటుంది. కావాలంటే మర్నాడు వెళ్ళి అడుగుతాడు.

ఇంకో కమిషన్ ఉంది. దాని లెక్క మన చేతికి రాదు. అదే విద్యుత్ నియంత్రణ మండలి. పల్లెల్లో దాని పేరు తెలిసినవాళ్ళు తక్కువ. కానీ కూలివాడి ఇంట్లో వెలిగే బల్బుకు యూనిట్ ధర ఎంతో నిర్ణయించేది అదే. ఏ కంపెనీ దగ్గర ఎన్నేళ్ళపాటు కరెంటు కొనాలో ఆమోదించేది అదే. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎన్ని గంటల్లో మార్చాలో, తీగ తెగి మనిషి చచ్చిపోతే ఎంత పరిహారం ఇవ్వాలో రాసేదీ అదే. ఒక అధ్యక్షుడు, ఇద్దరికి మించని సభ్యులు, వెరసి ముగ్గురు మనుషులు. వాళ్ళ కలం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లో 45 లక్షలకు పైగా వ్యవసాయ మోటార్లు, కోటి మించిన కొంపలు ఉన్నాయి.

ఇంత అధికారం ఉన్నవాళ్ళు ఎవరికి జవాబు చెప్పాలి? ఈ ప్రశ్నను మనం చాలాకాలంగా పక్కన పెట్టేశాం. ఎన్నికలప్పుడు ముఖ్యమంత్రిని అడుగుతాం, మంత్రిని అడుగుతాం. వాళ్ళేమో "అది కమిషన్ నిర్ణయం, మా చేతిలో లేదు" అంటారు. కమిషన్‌ను అడిగితే "చట్టం ప్రకారం చేశాం, ప్రభుత్వ విధానం మేరకు చేశాం" అంటుంది. ఈ ఇద్దరి మధ్యా బిల్లు మాత్రం తప్పిపోకుండా మన గడపకే వస్తోంది.

ఎలా పుట్టింది ఈ కమిషన్?

1990ల్లో మన విద్యుత్ బోర్డులు దివాలా తీశాయని పాలకులు ఊదరగొట్టారు. బోర్డుల్లో లోపాలు లేవని మనం అనడం లేదు. అవినీతి ఉంది, చౌర్యం ఉంది, పలుకుబడి ఉన్నవాడి బకాయి వసూలు కాని మాటా నిజమే. అయితే దానికి ప్రపంచ బ్యాంకు రాసిచ్చిన మందు వేరు. బోర్డును ముక్కలు చేయండి, రేట్లు నిర్ణయించే పని శాసనసభకు జవాబుదారీ అయిన ప్రభుత్వం నుంచి తీసి "స్వతంత్ర" కమిషన్‌కు అప్పగించండి అన్నది. మొదట ఒరిస్సాలో ఈ ప్రయోగం చేశారు. ఆ తర్వాత మన వంతు వచ్చింది. 1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం చేశారు. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు రద్దయి జెన్‌కో, ట్రాన్స్‌కోగా చీలింది. అదే నెలలో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. కమిషన్ పని మొదలుపెట్టింది. 2000 ఏప్రిల్‌లో పంపిణీ కూడా నాలుగు కంపెనీల పాలైంది.

2000 మే చివర్లో కమిషన్ ఇచ్చిన ఉత్తర్వుతో చార్జీలు పెరిగాయి. రాష్ట్రం భగ్గుమంది. వామపక్షాలు, ప్రజాసంఘాలు, నాటి ప్రతిపక్షం నెలల తరబడి ఉద్యమించాయి. 2000 ఆగస్టు 28న శాసనసభకు బయలుదేరిన ప్రదర్శన మీద హైదరాబాదు బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి అమరులయ్యారు.

ఆ రోజుల్లో పాలకులు పదే పదే చెప్పిన మాట ఒకటి గుర్తు చేసుకోవాలి. "రేట్లు పెంచింది మేం కాదు, కమిషన్" అన్నారు. కాల్పులు జరిపిన పోలీసులు ప్రభుత్వానివారు, రేటు రాసిన కలం కమిషన్‌ది. ఉద్యమం ఆ తెరను చించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇంటి చార్జీల జోలికి పోవాలంటే ప్రభుత్వాలు జంకాయి. 2004 మే 14న రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పడటం వెనుక బషీర్‌బాగ్ నెత్తురు కూడా ఉంది.

చట్టంలో కిటికీలు ఉన్నాయి

2003లో కేంద్రం విద్యుత్ చట్టం తెచ్చింది. ప్రైవేటుకు తలుపులు బార్లా తెరిచిన చట్టమే అది. అయినా ప్రజల ఒత్తిడి వల్ల కొన్ని కిటికీలు అందులో మిగిలాయి. అవేమిటో మన కార్యకర్తలు నోటికి నేర్చుకోవాలి.

64వ సెక్షన్ ప్రకారం రేట్ల ప్రతిపాదనను కంపెనీ బహిరంగంగా ప్రకటించాలి. ప్రజల నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు అన్నీ పరిశీలించాకే కమిషన్ ఉత్తర్వు ఇవ్వాలి. 86వ సెక్షన్ మూడో ఖండం ప్రకారం కమిషన్ తన పనిలో పారదర్శకత పాటించి తీరాలి. 87వ సెక్షన్ కింద 21 మందికి మించని సలహా సంఘం ఉండాలి, అందులో వ్యవసాయానికీ, కార్మికులకూ, వినియోగదారులకూ ప్రాతినిధ్యం ఉండాలి. 94వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల తరఫున వాదించేందుకు ఒక మనిషిని కమిషనే నియమించవచ్చు. 105వ సెక్షన్ ప్రకారం కమిషన్ ఏటా నివేదిక తయారు చేయాలి, దాన్ని శాసనసభ ముందు పెట్టాలి.

ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. ఆచరణ చూద్దాం. ప్రతిపాదనలు వందల పేజీల ఇంగ్లీషులో ఉంటాయి. పేపర్లో ఒక మూల నోటీసు పడుతుంది. విచారణ ఏ నాలుగైదు పట్నాల్లోనో జరుగుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో, అంటే పల్లెల్లో కోతలు, నూర్పిళ్ళు, రబీ నీళ్ళు ముమ్మరంగా ఉన్న రోజుల్లో. కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని పోయినవాడికి మాట్లాడటానికి దొరికేది కొద్ది నిమిషాలు. ఆంధ్రప్రదేశ్ కమిషన్ 2023లో హైదరాబాదు నుంచి కర్నూలుకు మారింది. శ్రీకాకుళం జిల్లా జీడి తోటలో పనిచేసే మనిషికి హైదరాబాదు ఎంత దూరమో కర్నూలూ అంతే దూరం.

అయినా 1999 నుంచి నేటిదాకా ఆ విచారణలకు విడవకుండా వెళ్ళి, లెక్కలు చదివి, తప్పులు పట్టుకుని వాదిస్తున్న విశ్రాంత జర్నలిస్టులు, రైతు సంఘాల నాయకులు, ప్రజాసంఘాల వారు ఉన్నారు. వాళ్ళు పట్టుకున్న లెక్కల వల్ల కంపెనీలు అడిగిన కోట్లలో కోతలు పడిన సందర్భాలు ఉన్నాయి. కిటికీ చిన్నదే. కానీ అక్కడ నిలబడితే గాలి వస్తుంది.

కిటికీలు మూస్తున్నారు

ఇప్పుడు జరుగుతున్నదేమంటే, ఆ చిన్న కిటికీలను కూడా ఒక్కొక్కటే మూస్తున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు బిల్లు తీసి చూడండి. అసలు చార్జీ కింద "ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చు సర్దుబాటు" అనే వరుస కనిపిస్తుంది. వాడుకలో ట్రూ అప్ అంటున్నారు. కంపెనీ ముందుగా వేసుకున్న అంచనా కంటే ఖర్చు ఎక్కువైతే, ఆ తేడాను తర్వాత మన దగ్గర వసూలు చేయడం అన్నమాట. 2022-23 సంవత్సరానికి 6,072 కోట్లు ఇలా వసూలు చేసుకోవచ్చని కమిషన్ 2024 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. 2023-24కు మరో 9,412 కోట్లు అని నవంబరులో ఇచ్చింది. మొదటిది 15 నెలలు, రెండోది 24 నెలలు వసూలు చేయాలని చెప్పింది. కంపెనీలు అడిగింది ఇంతకన్నా ఎక్కువ, కొంత కోత పెట్టిన మాట నిజం. 2025లో ఇంకో సంవత్సరం లెక్క తేల్చి 923 కోట్లు తిరిగి తగ్గించమని చెప్పిన మాటా నిజం. ఇచ్చిందాన్ని ఇచ్చినట్టే చెప్పాలి.

కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది. 2022లో మనం కాల్చిన కరెంటుకు ఆనాడే బిల్లు కట్టాం. రెండేళ్ళ తర్వాత మళ్ళీ బాకీ ఉన్నావంటే ఎట్లా? కిరాణా కొట్టువాడు రెండేళ్ళ కింద కొన్న పప్పుకు ఇప్పుడు ఇంకో పది రూపాయలు తెమ్మంటే ఊరుకుంటామా? అంచనా తప్పింది ఎవరిది? అంత ధర పెట్టి బజార్లో కరెంటు ఎందుకు కొన్నారు? మన సొంత జెన్‌కో యూనిట్లు అప్పుడెందుకు ఆగిపోయాయి? తప్పు చేసిన అధికారి మీద ఒక్క రూపాయి పడిందా? ఈ ప్రశ్నలకు జవాబు బిల్లు మీద ఉండదు.

ఇంతకంటే ప్రమాదకరమైంది ఇంకొకటి. 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు సవరించింది. కొనుగోలు ఖర్చు పెరిగితే నెలనెలా దానంతట అదే బిల్లులోకి ఎక్కిపోవాలన్నది. దాన్ని అనుసరించి ఆంధ్రప్రదేశ్ కమిషన్ 2023లో యూనిట్‌కు 40 పైసల దాకా ముందు అనుమతి లేకుండానే వసూలు చేసుకోనిచ్చింది. నెలకు 100 యూనిట్లు కాల్చే కూలి ఇంటి మీద అది 40 రూపాయలు. మొత్తం చిన్నదేనని కొందరంటారు. మనకు అందులో కనిపించేది డబ్బు ఒక్కటే కాదు. వసూలు ముందు, విచారణ తర్వాత అయిపోయింది. అభ్యంతరం చెప్పేలోగా డబ్బు మన జేబు దాటిపోతుంది. 64వ సెక్షన్ ఇచ్చిన హక్కు అక్కడికి సగం చచ్చినట్టే.

తెలంగాణలో ఇంకో రకం జరిగింది. 2019 జనవరి నుంచి అక్టోబరు దాకా కమిషన్‌లో నిర్ణయం చేసే మనుషులే లేరు. పదవులు ఖాళీ. పంపిణీ కంపెనీలు ఏళ్ళ తరబడి రేట్ల ప్రతిపాదనలు వేయలేదు, వేయకపోయినా అడిగిన నాథుడు లేడు. చార్జీలు పెరగలేదు గదా అని జనం సంతోషించారు. 2022 మార్చి చివర్లో ఒక్క ఉత్తర్వుతో ఇళ్ళ మీద యూనిట్‌కు 50 పైసల దాకా పెంపు పడింది. ఏటా లెక్క చెప్పనివాడు ఒకనాడు మొత్తం కలిపి అడుగుతాడు.

ఇలా బకాయిలను ఏళ్ళ తరబడి పేరబెట్టి వినియోగదారుల నెత్తిన రుద్దడం మీద 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా కమిషన్లను తప్పుపట్టింది. అది నియంత్రణ వైఫల్యమేనని చెప్పింది. మన మాటను అత్యున్నత న్యాయస్థానం కూడా అన్నదన్నమాట.

రైతు పేరు మీద రాసిన లెక్క

ఉచిత విద్యుత్తు వల్లే కంపెనీలు మునిగిపోతున్నాయన్నది రోజూ వినే పాట. దీని అసలు రంగు చూడాలి.

రైతు మోటారుకు మీటరు లేదు. 1980ల మొదట్లో హార్స్ పవర్ లెక్కన స్లాబు పద్ధతి వచ్చినప్పటి నుంచీ ఇంతే. మీటరు లేనప్పుడు రైతు ఎన్ని యూనిట్లు వాడాడో ఎలా తెలుస్తుంది? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, వాటి సగటు తీసి, మొత్తానికి అంటగడతారు. అది అంచనాయే తప్ప కొలత కాదు.

సులభంగా చెప్పుకుందాం. సబ్‌స్టేషన్ నుంచి 100 యూనిట్లు బయలుదేరాయి. మీటర్లున్న ఇళ్ళు, షాపులు, ఫ్యాక్టరీల దగ్గర 65 లెక్క తేలాయి. మిగిలిన 35 ఎక్కడికి పోయాయి? అందులో రైతు బావి దగ్గర ఎంత, పాత తీగల్లో వేడై పోయింది ఎంత, పెద్దవాడు దొంగిలించింది ఎంత? కొలత లేదు కాబట్టి రైతు పేరు మీద ఎంత రాసినా అడిగేవాడు లేడు. నష్టం తగ్గినట్టు కనపడాలంటే వ్యవసాయ వాడకం పెంచి రాస్తే చాలు.

ఆ రాసిన యూనిట్లకే ప్రభుత్వం సబ్సిడీ కడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26కు ప్రభుత్వం భరించాల్సిన లోటు 12,600 కోట్లకు పైగా తేలింది. అందులో పెద్ద వాటా వ్యవసాయానిదేనంటారు. ఆ డబ్బు రైతు చేతికి రాదు, కంపెనీ ఖాతాకు పోతుంది. నింద మాత్రం రైతుకు వస్తుంది. చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం ఆ సబ్సిడీని ప్రభుత్వం ముందుగానే కట్టాలి. ప్రభుత్వాలు బకాయి పెడుతూ వచ్చాయి. బకాయి పెట్టిన ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసే పని కమిషన్‌ది. కూలి ఇంట్లో రెండు నెలల బిల్లు ఆగితే ఫ్యూజు పీకేస్తారు గదా, వేల కోట్లు ఆపినవాడి ఫ్యూజు ఎవరు పీకాలి?

దీనికి విరుగుడు రైతు బావి దగ్గర మీటరు పెట్టడమేనని 2020 సెప్టెంబరు 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 22వ నంబరు జీవో ఇచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టింది. అదనపు అప్పు కావాలంటే విద్యుత్ సంస్కరణలు చేయాలని కేంద్రం పెట్టిన షరతు దాని వెనుక ఉంది. ఈరోజు మీటరు, రేపు బిల్లు అని రైతు భయపడటంలో అన్యాయం లేదు. లెక్కే కావాలంటే ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మీటరు పెట్టండి, ఆ అంకెలు ఊరి పంచాయతీ గోడ మీద రాయండి. రైతు మెడకు మీటరు కట్టకుండానే లెక్క తేలుతుంది.

ఈలోగా మన లెక్క మనమే తీయవచ్చు. 5 హార్స్ పవర్ మోటారు గంట నడిస్తే దగ్గర దగ్గర 4 యూనిట్లు. బోరు నాలుగు గంటలకే ఎండిపోయే ఊళ్ళో తొమ్మిది గంటలు కరెంటిచ్చినా మోటారు నడిచేది నాలుగు గంటలే. ఎన్ని మోటార్లు, ఎన్ని గంటలు, ఎన్ని నెలలు అన్నది ఊళ్ళోవాళ్ళకు తెలిసినంతగా హైదరాబాదులో కూర్చున్న ఇంజనీరుకు తెలియదు. ఒక్కో మండలంలో ఒక్క ఊరి లెక్క తీసి విచారణలో పెడితే చాలు, సగటుల మేడ కదులుతుంది.

ఇరవై అయిదేళ్ళ సంతకం

రేటు కన్నా పెద్దది ఒప్పందం. రేటు ఏడాదికి మారుతుంది, ఒప్పందం ఒక తరాన్ని కట్టేస్తుంది. వ్యవసాయానికి పగటిపూట కరెంటు పేరుతో ఆంధ్రప్రదేశ్ 2021లో కేంద్ర సంస్థ సెకీ ద్వారా 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తు యూనిట్ 2 రూపాయల 49 పైసలకు 25 ఏళ్ళపాటు కొనడానికి ఒప్పుకుంది. నవంబరులో కమిషన్ ఆమోదించింది. డిసెంబరులో సంతకాలు అయ్యాయి. దీన్ని హైకోర్టులో సవాలు చేశారు. ఆ సౌర విద్యుత్ కాంట్రాక్టుల కోసం భారత అధికారులకు లంచాలిచ్చే పథకం వేశారని అదానీ సంస్థ ముఖ్యుల మీద అమెరికా ప్రాసిక్యూటర్లు 2024 నవంబరులో అభియోగం మోపారు. ఆ సంస్థ అదంతా అవాస్తవమని ఖండించింది. అభియోగం రుజువు కాదు, నిజం తేల్చాల్సింది న్యాయస్థానాలు.

మన ప్రశ్న అంతకంటే సూటిది. మన పొలం పేరు చెప్పి 25 ఏళ్ళకు ఒప్పందం రాసేటప్పుడు మన పొలంలో ఉన్నవాడికి ముందు తెలిసిందా? అంత కరెంటు కావాలన్న అంచనా ఎవరిది? రాష్ట్రంలోనే పెట్టిస్తే ఎంత పడేది, ఎందరికి పని దొరికేది? ఈ చర్చ గ్రామాల్లో జరగవలసింది. అమెరికా కోర్టు కాగితాల్లో చదువుకోవలసిన గతి మనకెందుకు పట్టింది?

కాలిన ట్రాన్స్‌ఫార్మర్, తెగిన తీగ

కోట్ల మాట అలా ఉంచి మన ఊరి మాట చూద్దాం. వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని కమిషన్ నిబంధన ఉంది. ఆలస్యమైతే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలని కూడా ఉంది. దించడం, మోయడం, ఎక్కించడం అంతా కంపెనీ పనే.

జరిగేది అందరికీ తెలుసు. మోటారుకింత అని తలా కొంత వేసుకుంటారు. ఎవరిదో ట్రాక్టరు మాట్లాడతారు. కాలినదాన్ని రైతులే దించి రిపేరు షెడ్డుకు తోలుకుపోతారు. అక్కడ మొక్కుబడులు తీర్చి, మూడోనాడో నాలుగోనాడో తెచ్చుకుంటారు. ఈలోగా నారు ఎండుతుంది, కలుపు తీసే కూలీకి పని పోతుంది. పరిహారం అడిగినవాడు ఎంతమంది? అడగాలని తెలిసినవాడు ఎంతమంది? నిబంధన పాటించామని కంపెనీ నివేదికలు పంపుతుంది. వాటిని ఊరికొచ్చి సరిచూసే ఏర్పాటు ఉండాలి గదా?

దీనికంటే ఘోరం ప్రాణాల సంగతి. మన దేశంలో కరెంటు షాకుతో ఏటా 12 వేలకు పైబడి జనం చనిపోతున్నారని ప్రభుత్వ నేర గణాంకాలే చెబుతున్నాయి. వీళ్ళలో బంగళాల్లో ఉండేవాళ్ళు ఎందరు? వేలాడే తీగ తగిలేది గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గట్టున నడిచే కూలీకి. ఫ్యూజు వేయబోయి పోయేది లైన్‌మన్ రాక, పైరు ఎండుతుంటే చూడలేక ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కిన రైతు. స్తంభం మీద చచ్చేది చేతికి గ్లౌజులు లేని కాంట్రాక్టు కార్మికుడు.

ఆంధ్రప్రదేశ్ కమిషన్ 2017లో ప్రమాద బాధితుల పరిహారానికి నిబంధన చేసింది. మనిషి చనిపోతే 5 లక్షలు, పశువులు చనిపోయినా పరిహారం ఉంది. ఇది కమిషన్ చేసిన మంచి పని, ప్రజలు అడగ్గా చేసిన పని. అయితే అది అందాలంటే పోలీసు కేసు, పోస్టుమార్టం, విద్యుత్ తనిఖీ అధికారి నివేదిక కావాలి. కొంపలో దీపం ఆరిన ఆడమనిషి ఈ మూడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. "స్విచ్ ఆఫ్ చేయకుండా ముట్టుకున్నాడు, తప్పు చనిపోయినవాడిదే" అని రాసేస్తే అంతే సంగతులు. అందుకే మన కార్యకర్త ఆ మొదటి రోజే అక్కడ ఉండాలి. తీగ ఎంత ఎత్తులో ఉందో, దాని మీద ముందు ఎవరు ఎప్పుడు ఫిర్యాదు చేశారో పంచనామాలో రాయించాలి.

నియమించేది ఎవరు?

కమిషన్ సభ్యులను ఎంపిక చేసేది ముగ్గురి సంఘం. ఒక మాజీ హైకోర్టు న్యాయమూర్తి, రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, కేంద్ర విద్యుత్ సంస్థ లేదా కేంద్ర కమిషన్ అధ్యక్షుడు. అందులో శాసనసభ లేదు, రైతు లేడు, కార్మికుడు లేడు. వచ్చేవాళ్ళు ఎక్కువగా రిటైరైన న్యాయమూర్తులు, ఐఏఎస్ అధికారులు, ఆ కంపెనీల్లోనే పనిచేసిన ఇంజనీర్లు. వాళ్ళలో నిజాయితీపరులు లేరని మనం అనం. మనిషి మంచివాడా కాదా అన్నది కాదు సమస్య, అతను రేపు ఎవరి ముందు నిలబడి లెక్క చెప్పాలన్నదే సమస్య. పదవీకాలం అయిదేళ్ళు లేదా 65 ఏళ్ళ వయసు. తర్వాత ఇంటికి పోతాడు. అతను సంతకం పెట్టిన ఒప్పందం మాత్రం పాతికేళ్ళు మన దగ్గరే ఉంటుంది.

ఈ నియంత్రణ అనే భావం బ్యాంకుల మేధస్సులోంచి పుట్టిందని అనుకోకండి. దాని వెనుక రైతులున్నారు. అమెరికాలో 1870ల్లో రైలు కంపెనీలు, ధాన్యం గిడ్డంగుల యజమానులు ఇష్టమొచ్చిన రేట్లు గుంజుతుంటే గ్రాంజర్లనే రైతులు సంఘాలు కట్టి పోరాడారు. రాష్ట్రాల చేత రేట్ల చట్టాలు చేయించారు. 1877లో అక్కడి సుప్రీంకోర్టు ఇల్లినాయ్ గిడ్డంగుల కేసులో, ప్రజలందరికీ సంబంధించిన వ్యాపారం మీద ప్రజల అదుపు ఉండవచ్చునని ఒప్పుకుంది. నేటి కమిషన్లకు మూలం అది.

ఆ దేశమేమీ మనకు ఆదర్శం కాదు. ఒహాయో రాష్ట్రంలో కమిషన్ అధ్యక్షుడు కాబోయే మనిషికి 43 లక్షల డాలర్లు ముట్టజెప్పామని విద్యుత్ కంపెనీయే 2021లో ఒప్పుకుంది. 2023లో అతని మీద కేసు పెట్టారు, విచారణ జరగకముందే చనిపోయాడు. అయితే అక్కడ దాదాపు పది రాష్ట్రాల్లో కమిషనర్లను ప్రజలు ఓటు వేసి ఎన్నుకుంటారు. 2025 నవంబరులో జార్జియాలో బిల్లుల మంట తట్టుకోలేని ఓటర్లు ఇద్దరు కమిషనర్లను ఇంటికి పంపారు. రైతు పోరాటంలో పుట్టిన పనిముట్టును కంపెనీ ఎత్తుకుపోవచ్చు, జనం తిరిగి లాక్కోనూవచ్చు. పెద్దది ఎవరి బలమైతే అది వాళ్ళది.

మనం అడగవలసినవి

కమిషన్‌ను ఎత్తేసి మళ్ళీ మంత్రి చేతికి ఇవ్వమని మనం అడగడం లేదు. ఆ మంత్రి ఎవరి మనిషో మనకు తెలుసు. ప్రభుత్వం నుంచి స్వతంత్రంగా ఉండు, కానీ ప్రజల నుంచి కాదు అన్నదే మన మాట. కనుక:

ఒకటి, విచారణ లేకుండా ఒక్క పైసా కూడా బిల్లులోకి ఎక్కకూడదు. నెలనెలా దానంతట అదే ఎక్కే వసూలు రద్దు కావాలి.

రెండు, ప్రతిపాదనలు, ఒప్పందాలు, ఉత్తర్వులు పూర్తిగా తెలుగులో రావాలి. విచారణ కనీసం ప్రతి జిల్లాలో, పనులు తగ్గిన రోజుల్లో జరగాలి.

మూడు, వ్యవసాయ వాడకం లెక్క ఫీడర్ల వారీ, ఊళ్ళ వారీ బయటపెట్టాలి. సబ్సిడీ బకాయి ఎంతో మూడు నెలలకోసారి ప్రకటించాలి.

నాలుగు, ట్రాన్స్‌ఫార్మర్ గడువు తప్పితే పరిహారం దరఖాస్తు లేకుండానే జమ కావాలి. షాకు మరణాల మీద ఏటా జిల్లాల వారీ బహిరంగ విచారణ జరగాలి.

అయిదు, కమిషన్ వార్షిక నివేదికను శాసనసభ బల్ల మీద పెట్టి చేతులు దులుపుకోకుండా చర్చించాలి. సలహా సంఘంలో రైతు కూలీల ప్రతినిధులకు చోటివ్వాలి. పాతికేళ్ళ ఒప్పందం ఏదైనా సంతకానికి ముందే సభ ముందుకు, జనం ముందుకు రావాలి.

ఇవి వాళ్ళంతట వాళ్ళు ఇస్తారని భ్రమలు వద్దు. మనం మొదలుపెట్టగలిగిన పని రేపే ఉంది. సంఘం సమావేశంలో నాలుగు కరెంటు బిల్లులు ముందేసుకుని వరుస వరుసగా చదవండి. ట్రాన్స్‌ఫార్మర్ ఏ తేదీన, ఏ గంటకు కాలింది, ఎప్పుడు వచ్చింది, ఎవరెంత వేసుకున్నారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు తెల్ల కాగితం మీద రాసి పంపండి, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. వేలాడే తీగ ఫోటో తీసి, తేదీ వేసి, అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు రేపు ఒక ప్రాణం కాపాడవచ్చు. కాపాడలేకపోతే ఒక కుటుంబానికి సాక్ష్యం కావచ్చు.

ఇలా నూరు ఊళ్ళ నోటుపుస్తకాలు విచారణ హాలులో బల్ల మీద పడిననాడు, ఆ ముగ్గురూ తలెత్తి చూడక తప్పదు. దళారీ దగ్గర తక్‌పట్టీ అడిగి తీసుకున్నవాళ్ళం మనం. కరెంటు కమిషన్ దగ్గర లెక్క అడగలేమా?